అటక మీది కంప్యూటర్‌కు ఆస్థాన విద్వాంసుడి పదవి

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి నీళ్లొదిలేసింది. దాంతో నిక్షేపంలా పనిచేసే కంప్యూటర్లు కూడా అటకెక్కుతున్నాయి. పాత సామాన్లవాడేమో కిలోల లెక్కన బేరమాడతాడు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆన్ చేసిన యంత్రాన్ని కాటాలో పెట్టడానికి ఏ గృహస్థుకైనా చేతులొస్తాయా? అందుకే దాన్ని మ్యూజిక్ సర్వర్‌గా, అంటే పాటలన్నీ దాచిపెట్టుకుని ఇంట్లోని ఫోన్లకు వినిపించే యంత్రంగా మార్చడం ప్రతి కుటుంబం కనీస ధర్మమని నా నిశ్చితాభిప్రాయం.

ఫోన్‌లో పాటలు వస్తున్నాయిగా అంటారు ఇంట్లోవాళ్లు. లైసెన్సు గడువు తీరితే యాప్‌లోని పాట రాత్రికి రాత్రి మాయమవుతుందని వాళ్లకేం తెలుసు! మన డిస్కులో ఉన్నది మనది. పైగా పైసా ఖర్చు లేదు. విండోస్ బదులు వేసుకునే డెబియన్ ఉచితం, పాటలు వడ్డించే సాఫ్ట్‌వేర్ నావిడ్రోమ్ ఉచితం. కొత్త హార్డ్ డిస్కు, యూపీఎస్ అంటారా, అవి ఆస్తి కిందికి వస్తాయి.

కరెంటు సంగతి కూడా చెప్పేస్తాను. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా 80 వాట్లు లాగిందనుకోండి, రాత్రీ పగలూ నడిస్తే నెలకు 58 యూనిట్లు. బిల్లు పై స్లాబులోకి పోవచ్చు. అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ రాస్‌బెర్రీ పై ఐదారు వాట్లతో ఇదే పని చేస్తుందని కుర్రాళ్లు వాదిస్తారు. పెద్దలంటే గౌరవం లేని తరం.

అసలు సాధన మొదలయ్యేది ట్యాగుల దగ్గర. నావిడ్రోమ్ ఫోల్డర్ల పేర్లు చూడదు, పాట లోపల రాసి ఉన్న వివరాలనే నమ్ముతుంది. మనవాళ్లు ఎప్పుడో దించిపెట్టుకున్న పాటల్లో గాయకుడి పేరు ఉండాల్సిన చోట వెబ్‌సైట్ పేరు ఉంటుంది. అంచేత తెలుగు సినిమా పాటల్లో సగం ఆ వెబ్‌సైటే పాడినట్టు సర్వర్ తేలుస్తుంది. మిగతా సగంలో ఘంటసాల ఒకరు, ఇంగ్లీషు స్పెల్లింగులో హెచ్ ఎగిరిపోయిన గంటసాల ఇంకొకరు, ఘంటసాల వెంకటేశ్వరరావు మరొకరు. సుశీలతో యుగళగీతం పాడినాయన నాలుగో మనిషి. వీళ్లందరినీ ఒక్కటి చేయడానికి ఇంటాయన ఆదివారాలు ధారపోస్తాడు. అది చాలక, నాదాన్ని కొంత వదిలేసి కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీత్రీలను, నాదం నష్టపోకుండా దాచే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మారుస్తాడు. పోయిన నాదం తిరిగి రాదు, ఫైలు మాత్రం కొన్ని రెట్లు ఒళ్లు చేస్తుంది. అయినా ఒకే ఛానెల్లో రికార్డయిన పాత పాటను నష్టం లేని ఫార్మాట్‌లో వినడంలో ఒక హోదా ఉంది, కాదనలేం.

"ఏరా, పాట వస్తుందా, రేడియో పెట్టుకోమంటావా?" అంటారు నాన్నగారు పొద్దున్నే కాఫీ తాగుతూ.

"రెండు నిమిషాలు నాన్నా, స్కాన్ అవుతోంది."

ఈలోగా కరెంటు పోతుంది. యూపీఎస్ కుయ్యిమని చేతులెత్తేస్తుంది. కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ ఏనాడో చచ్చిపోయింది కాబట్టి, మళ్లీ ఆన్ చేసేసరికి సర్వర్ దృష్టిలో దేశం పదేళ్లో పదిహేనేళ్లో వెనక్కి వెళ్లి ఉంటుంది. నాన్నగారు రేడియో పెట్టుకుంటారు. పాటల కోసం సర్వర్ అనుకునేవాళ్లకు ఇది వైఫల్యంలా కనిపించవచ్చు. వాళ్లతో వాదన అనవసరం.

ఇంత శ్రమపడి సర్దిన పాటలకు బ్యాకప్ ఉండాలి కదా. అదీ వేరే ఇంట్లో ఉంటేనే క్షేమమని నిపుణులంటారు. బావమరిది వాళ్ల అటక మీద ఇలాంటిదే ఇంకొకటి ఉంది. పండక్కి వెళ్లినప్పుడు చెల్లెమ్మ చూడకుండా ఆ ప్రస్తావన తేవాలి.