జవాబు ఒప్పు, పద్ధతి తప్పట!

మా అమ్మాయి నాలుగో తరగతి. మొన్న 23ని 14తో గుణించమంటే నోటుపుస్తకంలో నాలుగు గదుల పెట్టె గీసింది. పైన 20, 3 అని, పక్కన 10, 4 అని విడగొట్టి రాసుకుంది. పై గదుల్లో 200, 30. కింది గదుల్లో 80, 12. అన్నీ కూడితే 322. అణా పైసలతో సహా సరిపోయింది. అయినా పెట్టె మీద అడ్డంగా ఎర్ర గీత, కింద 'పద్ధతి తప్పు' అని రాత!

నాకు ఒళ్ళు మండింది. మరి ఒప్పు పద్ధతి ఏమిటి? రెండో వరుస మొదలుపెట్టే ముందు ఒకట్ల స్థానంలో ఇంటూ గుర్తు పెట్టడమేగా? ఎందుకు పెట్టాలని అడిగితే మా చిన్నప్పుడు వీపు మోగేది. 14లో ఆ 1 అంటే పది అనీ, ఇంటూ గుర్తు చోట ఉండాల్సింది సున్నా అనీ నాకు నలభై ఏళ్ళు దాటాక, ఈ పిల్ల గీసిన గళ్ళు చూశాక తెలిసింది. పైగా నేను ఇంజినీరింగ్ చదివాను.

'అయితే ఎక్కాలు అక్కర్లేదా?' అని మా అమ్మ. ఎందుకక్కర్లేదు? ఎక్కాలు రాకపోతే గదులు నిండేదెలా? కాకపోతే మా అమ్మాయి 'ఫోర్ త్రీజా ట్వెల్వ్' అంటుంది. 'జా అంటే ఏమిటే?' అని అడిగితే 'అది అలాగే అనాలమ్మా' అంది. అమ్మ దాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి ముగ్గుతో మూడేసి చుక్కలు నాలుగు వరుసలు పెట్టింది. 'నాలుగు మూళ్ళు పన్నెండు. ఇప్పుడు ఈ పక్కకొచ్చి చూడు, మూడు నాలుగులు.' పిల్ల అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి చూసుకుంది.

పై తరగతుల్లో ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అనగానే ఎ స్క్వేర్, బి స్క్వేర్ రాసేసి చేతులు దులుపుకునే పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. అదీ నాలుగు గదుల పెట్టే. మిగిలిన రెండు గదులు, అంటే ఎ ఇంటూ బి, బి ఇంటూ ఎ, వాళ్ళకు ఎవరూ చూపించలేదు మరి.

మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించాలంటే తొమ్మిది గదులు కావాలి, పేజీ నిండిపోతుంది. అప్పుడు పాత పద్ధతే హాయి, కాదనను.

ఆ ఎర్ర గీత పక్కనే అదే లెక్కను నిలువుగా చేసి పెట్టాను. మొదటి వరుస 92, అంటే కింది రెండు గదులు. రెండో వరుస 230, అంటే పై రెండు గదులు. బాణం గుర్తులు కూడా గీశాను. సోమవారం పుస్తకం బడికి వెళ్తుంది.