చమురు కొన్నందుకు రొయ్యకు శిక్షా?

2025 వినాయక చవితి నాడే వేటు పడింది. రష్యా చమురు కొంటున్నామంటూ అమెరికా వేసిన అదనపు 25 శాతం సుంకం ఆగస్టు 27న అమల్లోకి వచ్చింది. అంతకుముందే ఉన్న 25తో కలిపి 50. రొయ్యలపై అప్పటికే వసూలు చేస్తున్న యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలిపితే దాదాపు 58 శాతమైంది. అదే మార్కెట్లో అప్పుడు ఈక్వడార్ 15 శాతంతో సరుకు దించుకుంది. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు, అల్లవరం, ఎక్కడ విన్నా ఇదే టెన్షన్.

రెండు దేశాల వాణిజ్యాన్ని 2030 నాటికి 50 వేల కోట్ల డాలర్లకు చేరుస్తామని 2025 ఫిబ్రవరిలోనే వాషింగ్టన్‌లో ట్రంప్, మోదీ ఇద్దరూ ప్రకటించారు. ఆరు నెలలు గడిచాయో లేదో మిత్రదేశమే జరిమానా వేసింది. అదీ వాణిజ్యంలో తప్పు చేసినందుకు కాదు. మన రొయ్యలో నాణ్యత లేదని కాదు, ధర ఎక్కువని కాదు. మనం చమురు ఎవరి దగ్గర కొంటున్నామో వాళ్లకు నచ్చలేదు, అంతే. చమురు కొన్నవి రిఫైనరీలు, విధానం ఢిల్లీది. గోదావరి డెల్టాలో చెరువు లీజుకు తీసుకున్న రైతుకు ఇందులో ఏం ప్రమేయం?

అసలు భయం ఈ అలవాటు గురించే. ఈసారికి చమురు. రేపు ఆయుధాలు ఎక్కడ కొన్నామన్నది, ఎల్లుండి ఐక్యరాజ్యసమితిలో ఎటు ఓటేశామన్నది సాకు కావచ్చు. సంబంధం లేని తగాదాకు సుంకంతో శిక్ష వేయడం ఒకసారి చెల్లుబాటైతే ఇక ఏ ఒప్పందానికీ విలువ ఉండదు. పైగా రష్యా చమురును మనకంటే ఎక్కువ కొన్న చైనాపై ఈ జరిమానా వేయలేదు. అమెరికా కూడా రష్యా నుంచి యురేనియం హెక్సాఫ్లోరైడ్, ఎరువులు కొంటూనే ఉందని మన విదేశాంగ శాఖే చెప్పింది. మన మందులకు, స్మార్ట్‌ఫోన్లకు మినహాయింపు ఇచ్చారు. అంటే వాళ్లకు అవసరమైన సరుకు జోలికి పోలేదు. రొయ్య మాత్రం దొరికిపోయింది.

2024-25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. శీతలీకరించిన రొయ్య 7.41 లక్షల టన్నులైతే అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. ఆ సరుకులో సింహభాగం మన ఆంధ్రప్రదేశ్‌దే.

వెనామీ రకం రొయ్యలు పెంచే రైతు పరిస్థితి ఢిల్లీకి అర్థమైందా అన్నది అనుమానమే. ధాన్యమైతే ధర లేనప్పుడు బస్తాలు గోదాములో పెట్టుకోవచ్చు. రొయ్యకు ఆ వెసులుబాటు లేదు. వంద కౌంట్‌కు (కిలోకు వంద రొయ్యలు) వచ్చిన సరుకును చెరువులో ఆపితే రోజూ మేత వేయాలి, రాత్రంతా నీటిలోకి గాలి పంపే ఏరేటర్లు తిప్పాలి, కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ పోయాలి. వైట్ స్పాట్ వైరస్ తెగులు తగిలిందా, తెల్లారేలోగా పట్టుబడి చేసి వచ్చిన ధరకు ఇచ్చేయాల్సిందే. కొనేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 2025 ఏప్రిల్‌లో చూశాం కదా! అక్కడ సుంకం ప్రకటన వచ్చీ రాగానే ఇక్కడ చెరువు గట్టు మీద ధర కోసేశారు. వారంలోనే అమెరికా 90 రోజుల వాయిదా వేసింది. తగ్గించినంత వేగంగా ధర మళ్లీ పెంచారా? పాత సుంకానికే అమెరికా చేరిన సరుకు మీద కూడా కొత్త సుంకం పేరు చెప్పి రైతు దగ్గర కోత పెట్టడం దోపిడీ. రాష్ట్ర ప్రభుత్వం కౌంట్‌వారీ ధరలను రోజూ ప్రకటించి, అంతకు తగ్గించిన ప్రాసెసింగ్ ప్లాంట్లను నిలదీయాలి.

చర్చలు నడుస్తున్నాయి, ఒప్పందం కుదిరితే అన్నీ సర్దుకుంటాయి, తొందరపడొద్దు అన్నవారున్నారు. చమురు విషయంలో ఢిల్లీ తలవంచకపోవడం సరైనదేనని మేమూ అంటాం. కానీ ఆ ఆత్మగౌరవానికి మూల్యం ఒక్క ఆక్వా రైతే చెల్లించాలా? బట్టల మిల్లుల కోసం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచే తాత్కాలికంగా ఎత్తేసింది. రొయ్యల గురించి ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు ఏప్రిల్‌లోనే లేఖ రాశారు. మిల్లులకు కనబరిచిన చురుకు చెరువులకు ఎందుకు లేదు? ఆక్వా రుణాల వాయిదాలకు మారటోరియం (విరామం) ఎక్కడ? బ్రిటన్‌తో 2025 జులైలో సంతకమైన వాణిజ్య ఒప్పందం అమలయ్యేదాకా ఈ పంటను కొనేదెవరు?

రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోమని ప్రధాని 2025 ఆగస్టు 7న ప్రకటించారు. అయితే అమెరికాతో ఏ ఒప్పందం రాసుకున్నా అందులో ఒక షరతు ఉండి తీరాలి: వాణిజ్యంతో సంబంధం లేని ఏ కారణంతోనూ సుంకం పెంచకూడదు. ఆ ఒక్క వాక్యం రాయించలేకపోతే గోయల్ గారూ, సంతకం పెట్టకుండానే తిరిగి రండి.