అద్దె వచ్చేస్తాది మేడమ్, టెన్షన్ పడకండి

అద్దె ఇళ్ళు చూసిపెట్టే మన వైజాగ్ ఏజెంట్లు చాలా నిష్ఠగా ఉంటారండీ. ఐదో తారీఖు వచ్చిందంటే ఓనర్ కి ఏదో ఒకటి పంపకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. డబ్బులే పంపాలని ఎక్కడా రాసిలేదు కాబట్టి మా పిన్ని ఫ్లాట్ అద్దె వసూలు చేసే ఏజెంట్ ఆవిడకి సింహాద్రి అప్పన్న ఫోటో పంపిస్తాడు, కింద శుభోదయం అని. శనివారమైతే వెంకన్న, సోమవారమైతే శివుడు. "బాబూ, ఈ నెల అద్దె ఇంకా పడలేదు" అని పెడితే మాత్రం రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. బహుశా అదే రసీదు అనుకోవాలి.

టెనెంట్ తప్పేం లేదు, ముందే చెప్తున్నా. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం చేసుకునే కుర్రాడు, ఒకటో తారీఖునే ఏజెంట్ కి కొట్టేసి స్క్రీన్ షాట్ కూడా దాచుకుంటాడు. పీఎం పాలెంలో ఫ్లాట్ పిన్నిది, ఉండేది ఆ కుర్రాడు, మధ్యలో డబ్బు మాత్రం వైరాగ్యం పుట్టి ఎటో వెళ్ళిపోతోంది.

అప్పుడప్పుడూ కొంచెం వస్తుంది లెండి, కటింగులు పోను. ఒకసారి మోటార్ రిపేర్ అన్నాడు, సముద్రం గాలికి తుప్పు పట్టేసిందిట. ఆ గాలి రుషికొండ బీచ్ లో బయల్దేరి, దారిలో ఒక్క అపార్ట్ మెంట్ నీ ముట్టుకోకుండా వచ్చి మా పిన్ని మోటార్నే పట్టుకుంది పాపం. ఇంకోసారి బెడ్ రూమ్ గోడ చెమ్మ. "హుద్ హుద్ కి గోడ వీకైపోనాదండి". హుద్ హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, ఈ ఫ్లాట్ కట్టింది 2017లో. పుట్టకముందే దెబ్బ తిన్న గోడ, మన విశాఖలోనే సాధ్యం.

సరే అని పిన్నిని తీసుకుని ఆయన ఆఫీసుకెళ్ళాను. ఇల్లు వెతుక్కుంటూ కొత్తగా వచ్చేవాళ్ళకి ఏసీ, సోఫా, అల్లం టీ. అద్దె రావాల్సిన ఓనర్లకి గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు, మేం వెళ్ళేసరికే నిండిపోయున్నాయి. సార్ కొమ్మాది సైట్ మీదున్నారండి అన్నాడు అక్కడి కుర్రాడు. కేబిన్ లోంచి సార్ దగ్గు వినిపిస్తోంది. ఎవరూ ఏమనలేదు, కొమ్మాదిలో దగ్గితే ఇక్కడికి వినపడటం మామూలే అన్నట్టు కూర్చున్నారు అందరూ.

ఇంతలో గాజువాక నుంచి ఒకాయన వచ్చారు. కూర్చోలేదు. టేబుల్ మీద గట్టిగా ఒక్కటి చరిచి "ఏటి, ఆటలాడతన్నారా!" అని అరిచారు, కుర్రాడు లోపలికి పరిగెత్తాడు, కాసేపట్లో ఆయన ఫోన్ టింగుమంది, డబ్బులు పడిపోయాయి. మేమంతా మనకే పడ్డంత సంబరపడ్డాం, ఒకావిడైతే చప్పట్లు కూడా కొట్టింది. ఆ పక్కనే సీతమ్మధార నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన కళ్ళజోడు సర్దుకుని "ఏదీ, ఎంత పడిందో ఓసారి చూపిస్తారా" అని అడిగారు. చూశారు. తన ఫోన్ తీసి, పొద్దున టెనెంట్ పంపిన స్క్రీన్ షాట్ కూడా చూశారు. మెయింటెనెన్స్ తో కలిపి చివర చిల్లర రూపాయలతో సహా అదే అంకె. "బాబూ, ఇది నాదేమో" అన్నారు, చాలా మర్యాదగా. గాజువాక ఆయన పాపం నిజంగానే నొచ్చుకుని, "మాస్టారూ, మీరు నాకంటే ముందొచ్చారు కదా, మీరే ముందు అరవాల్సింది" అన్నారు.

అదీ అక్కడి సిస్టమ్. గట్టిగా అరిచినోడికి మెల్లిగా అడిగినోడి డబ్బు. కాబట్టి ద్వారకానగర్ లో, ఊళ్ళో కోచింగులన్నీ అక్కడే కదా, ఓనర్లకి అరుపుల కోచింగ్ ఒకటి అర్జెంటుగా పెట్టాలి. మార్నింగ్ బ్యాచ్ లో టేబుల్ చరచడం, ఈవినింగ్ బ్యాచ్ లో బూతులు. సీనియర్ సిటిజన్స్ కి ఫీజు రాయితీ.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 213వ సెక్షన్ ప్రకారం ఓనర్ అడిగితే ఏజెంట్ లెక్క చెప్పి తీరాలి, 218 ప్రకారం తనకి న్యాయంగా రావాల్సింది మినహాయించుకుని వసూలు చేసిందంతా ఇచ్చెయ్యాలి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఏజెంట్లకి రిజిస్ట్రేషన్ పెట్టారు కానీ అది ప్రాజెక్టుల్లో ఫ్లాట్లూ ప్లాట్లూ అమ్మిపెట్టేవాళ్ళకి, అద్దెలు వసూలు చేసేవాడికి ఆ బాధ లేదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి నమూనాగా తెచ్చిన మోడల్ టెనన్సీ చట్టంలో ప్రాపర్టీ మేనేజర్ అద్దె తీసుకుంటే రసీదు ఇవ్వాలని రాశారు, మోడల్ కదా, చూడ్డానికి బావుంటుంది.

స్టేషన్ కి వెళ్తే? "సివిల్ మ్యాటర్ అమ్మా, కోర్టుకెళ్ళండి." ఏది సివిల్ మ్యాటర్? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత తీసి 316వ సెక్షన్, ఐదో సబ్ సెక్షన్ చదవండి సార్. బ్రోకరో ఏజెంటో తన వృత్తిలో నమ్మి అప్పగించిన సొమ్ము దురుద్దేశంతో మింగితే పదేళ్ళ దాకా, లేదంటే యావజ్జీవం. జేబులోంచి పర్సు కొడితే దొంగ, ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె కొడితే సివిల్ మ్యాటరా?

పైగా ఆ ఏజెంట్ నోటి నుంచి "మీకేటి మేడమ్, ఓనర్లు, ఇంకో ఇల్లుంది కదా" అని ఒక మాట. బాబాయ్ స్టీల్ ప్లాంట్ లో ఎండా వానా షిఫ్టులూ చేసి, రిటైరైనప్పుడు వచ్చిందంతా పోసి కొన్న ఫ్లాట్ అది. ఆయన పోయాక ఆ అద్దే ఆవిడ బీపీ మందులు, కరెంట్ బిల్లు, పండక్కి మనవడికి చొక్కా. ఒక మందు మానేసింది ఆవిడ, నాకు చెప్పకుండా. అలాంటి మనిషి ఆ ఆఫీసు కుర్రాడి ముందు చేతులు కట్టుకుని "వీలైతే కొంచెమైనా ఇప్పించు బాబూ" అంటోంది. వీలైతే ఏంటి పిన్నీ?! నీ డబ్బు అది! సిగ్గుండాలి, తినడానికి కూడా ఒక హద్దుంటుంది, ముసలావిడ మాత్రల డబ్బులతో కారు ఈఎంఐ కట్టే వెధవని పట్టుకుని సార్ సార్ అంటున్నాం ఊరంతా కలిసి.

మొత్తానికి లాయర్ గారి దగ్గరికెళ్ళాం. ఆయన ముందు చేయించింది, ఇకమీదట అద్దె నేరుగా నా అకౌంట్ కే వెయ్యి, ఇతనికి ఆ అధికారం తీసేశాను అని టెనెంట్ కి రాతపూర్వకంగా పంపడం. ఎందుకంటే మనం ఆ మాట చెప్పనంతకాలం ఏజెంట్ కి కట్టినా మనకి కట్టినట్టే లెక్క, కుర్రాణ్ణి మళ్ళీ అడగలేం. తర్వాత లెక్కలు ఇవ్వమని ఏజెంట్ కి స్పీడ్ పోస్టులో నోటీసు. దావాకి గడువు మూడేళ్ళు, అది లెక్క అడిగితే కాదన్న రోజు నుంచి మొదలవుతుంది, అలా అడిగి కాదనిపించుకోకపోతే ఏజెన్సీ ముగిసిన రోజు నుంచి. మనవాడు ఎప్పుడైనా కాదంటాడా, రేపంటాడు గానీ! అందుకే స్క్రీన్ షాట్లు, స్టేట్ మెంట్లు, అప్పన్న ఫోటోలతో సహా చాట్ మొత్తం దాచమన్నారు.

నోటీసు అందగానే మనవాడు చెక్కు ఇచ్చాడు. బౌన్స్ అయింది. బ్యాంక్ మెమో వచ్చిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలిట, లాయర్ గారు మర్నాడే పంపేశారు, అందిన దగ్గర్నుంచి కట్టడానికి వాడికి 15 రోజులు టైమ్, లేదంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు. ఆ టైమ్ లో నిన్న ఫోన్ చేశాడండీ మహానుభావుడు. "మేడమ్, టెనెంట్ డైరెక్ట్ గా మీకే వేసేస్తన్నాడంట కదా, మరి నా కమిషన్ సంగతేటి?" అని.

పిన్ని ఏమందో ఇక్కడ రాయలేను. పక్కింటావిడ మాత్రం ఏమైందోనని బాల్కనీలోకి పరిగెత్తుకొచ్చింది.