ఐపీ పట్టాం, కొట్టాం... అంతేనా?

శ్రీకాకుళం, విజయనగరం ఇంజనీరింగ్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, వెబ్‌సైట్ భద్రతను పరీక్షించే పనిలో తొలి మెట్టు గురించి తిరుగుతున్న మాట ఇది: "సమాచార సేకరణ అంటే సైట్ ఐపీ పట్టుకుని ఎన్‌మ్యాప్ (సర్వర్‌లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసే టూల్) కొట్టడమే. పది నిమిషాల పని. ఏమీ పగలగొట్టం కాబట్టి అనుమతి అక్కర్లేదు, అవతలివాళ్లకు తెలియదు కూడా."

ముందు ఐపీ (నెట్‌లో సర్వర్ చిరునామా) సంగతి. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి వెబ్‌సైట్ ఉందనుకోండి. షేర్డ్ హోస్టింగ్ అయితే అదే ఐపీ మీద వందల సైట్లు ఉండొచ్చు. సైట్ ముందు కాపలాగా నిలిచే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉంటే, కనబడే ఐపీ వ్యాపారి అసలు సర్వర్‌ది కాదు, క్లౌడ్‌ఫ్లేర్‌ది. వ్యాపారి సరేనన్నా, మీరు తట్టేది వేరేవాళ్ల తలుపు.

ఎన్‌మ్యాప్‌కు ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఎక్కువగా వాడే 1,000 టీసీపీ పోర్టులే (సర్వర్‌లోకి వెళ్లే నంబర్ల తలుపులు) చూస్తుంది. ఉన్నవి 65,535. మరో రకమైన యూడీపీ పోర్టుల ఊసే ఉండదు. సర్వర్ బతికుందా అని ముందుగా పంపే పలకరింపులన్నిటినీ ఫైర్‌వాల్ ఆపితే 'హోస్ట్ డౌన్' అనేస్తుంది, సర్వర్ మాత్రం నిక్షేపంగా నడుస్తుంటుంది. 'ఫిల్టర్డ్' అంటే పోర్టు మూసి ఉందని కాదు, ఏదీ తేలలేదని. తొందరపడి అన్నిటికంటే ఎక్కువైన టీ5 వేగం పెడితే తెరిచి ఉన్నవీ జారిపోతాయి.

అసలు సరుకు చాలాసార్లు పోర్టుల దగ్గర ఉండదు. 2018 నుంచి సైట్ తీసుకునే కొత్త హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ను క్రోమ్ నమ్మాలంటే అది బహిరంగ లాగుల్లో నమోదు కావాల్సిందే. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్‌లో డొమైన్ పేరు వెతికితే 'టెస్ట్', 'ఓల్డ్', 'స్టాక్' లాంటి సబ్‌డొమైన్లు బయటపడతాయి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన 'ఓల్డ్'లోనే తరచూ పాత వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) దొరుకుతుంది. అయితే జాబితాలో చచ్చిన పేర్లూ ఉంటాయి, ఒక్కొక్కటీ ఇంకా ఏదైనా ఐపీకి వెళ్తోందో లేదో చూసుకోవాలి. అన్ని సబ్‌డొమైన్లకూ ఒకటే పనిచేసే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ వాడితే ఈ దారిలో పేర్లు దొరకవు. డొమైన్ డీఎన్‌ఎస్ సమాచారంలో ఉండే టీఎక్స్‌టీ రికార్డులోని ఎస్‌పీఎఫ్ వరుస, మెయిల్ పంపే సర్వర్లను చెప్పేస్తుంది. డొమైన్ ఎవరిదో చెప్పే హూఈజ్‌లో యజమాని పేరు మాత్రం ఇప్పుడు చాలావాటికి కనబడదు.

ఇంతవరకూ వాళ్ల వెబ్‌సర్వర్‌ను ముట్టుకోలేదు. జోన్ ట్రాన్స్‌ఫర్ (ఆ డొమైన్ డీఎన్‌ఎస్ జాబితా మొత్తం) అడిగారా, అది వాళ్ల నేమ్‌సర్వర్ లాగులో పడుతుంది. సిన్ స్కాన్ (కనెక్షన్ పూర్తి చేయకుండా పోర్టును తట్టడం) వెబ్‌సర్వర్ లాగుకు చిక్కకపోయినా ఫైర్‌వాల్‌కు చిక్కుతుంది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌ను యాక్సెస్ చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43, దురుద్దేశం తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "స్కానే కదా చేశాను" అన్న వాదన అక్కడ నిలుస్తుందో లేదో పరీక్షించుకోవడమెందుకు?

అనుమతి కాగితం మీద డొమైన్లు, ఐపీలు, తేదీ, వేళలు, సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఐపీ నుంచి స్కాన్ చేస్తారో రాయించుకోండి. ఆ చివరిదాని కోసం ఫోన్ హాట్‌స్పాట్ పనికిరాదు, మొబైల్ నెట్‌లో ఒకే ఐపీని తరచూ ఎందరో పంచుకుంటారు.