రోహిణీ కార్తెలో అద్దాల మేడ

బందరు రోడ్డు మీద ఇంకో అద్దాల మేడ లేచింది. అయిదంతస్తులు, మొహం సరిగ్గా పడమటికి. సాయంత్రం నాలుగింటికి బెజవాడలో ఎండ ఎటునుంచి కొడుతుందో చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. కట్టినవాళ్లకీ తెలిసే ఉంటుంది. తెలిసీ అటే తిప్పారంటే అది సూర్యభగవానుడి మీద భక్తే అయ్యుండాలి. ప్రారంభోత్సవం ఫ్లెక్సీ మీద ‘ప్రపంచస్థాయి కట్టడం’ అని వేయించారు. ప్రపంచంలో ఏ ఊరి ఎండకి తగిన స్థాయో మాత్రం వేయించలేదు.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పాపం, రోలు దాని మానాన అది పగిలి ఊరుకుంటుంది. అద్దం అలా కాదు. మీద పడ్డ ఎండలో కొంత లోపలికి పంపి, మిగతాది ఎదురుగా ఉన్న టీ కొట్టు మొహాన కొడుతుంది. 2013లో లండన్‌లో వంపు తిరిగిన అద్దాల మేడ ఒకటి ఎండనంతా కింద వీధిలో ఒకచోటికి పోగేసి, ఆపి ఉంచిన జాగ్వార్ కారు భాగాల్ని కరిగించింది. ఒక విలేకరి అక్కడే పెనం పెట్టి గుడ్డు కూడా వేయించి చూపించాడు. లండన్ ఎండకే ఆమ్లెట్ అయితే మన ఎండకి బిర్యానీ దమ్ చేయొచ్చు. మా టీ కొట్టాయన ఇంకా గ్యాస్ సిలిండర్ ఎందుకు కొంటున్నాడో నాకర్థం కాదు.

ఈ అద్దాల ఇళ్ల వంశవృక్షం గొప్పది. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌కి రూపమిచ్చిన జోసెఫ్ పాక్స్టన్ అసలు తోటపనివాడు. చలిదేశంలో మన వైపు మొక్కలు చచ్చిపోకుండా వేడి పట్టి ఉంచడానికి గాజు ఇళ్లు కట్టడంలో చేయి తిరిగినవాడు. ఇక ఏసీ. తేమకి కాగితం సాగి అచ్చులో రంగులు పక్కకి జరుగుతున్నాయని, న్యూయార్కులో ఒక ప్రెస్సు కోసం 1902లో విల్లిస్ క్యారియర్ తయారుచేశాడు. ఒకటి మొక్కల కోసం, ఒకటి కాగితం కోసం. మనుషుల ఊసు ఎక్కడా లేదు. ఈ రెండూ కలిశాక, 1952లో న్యూయార్కులో లీవర్ హౌస్ లాంటి కిటికీ తెరుచుకోని ఆఫీసులు లేచాయి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ వచ్చాక అద్దమంటే ఐటీ, ఐటీ అంటే అభివృద్ధి అని మనవాళ్లు ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు బట్టల షాపుకీ అద్దాలే, జూనియర్ కాలేజీకీ అద్దాలే, కల్యాణమండపానికీ అద్దాలే.

మన మేడ లోపలికి వద్దాం. అద్దాలు పెట్టింది వెలుతురు కోసమట. వెలుతురు ఎక్కువై కంప్యూటర్ కనపడక నల్ల ఫిల్మ్ అంటించారు. ఆపైన బ్లైండ్స్ దించారు. చీకటైపోయింది కాబట్టి పట్టపగలు ట్యూబ్‌లైట్లు. అయినా వేడి తగ్గక ఏసీ 18కి తిప్పారు. దాంతో అకౌంట్స్ మేడమ్ శాలువా కప్పుకుంది. మే నెల, బెజవాడ, శాలువా! ఇంతలో కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. కిటికీ తెరుద్దామంటే తెరిచే కిటికీ ఒక్కటీ లేదు. పావుగంటకల్లా ఎండీగారితో సహా స్టాఫంతా రోడ్డు దాటి వేపచెట్టు కిందికి చేరారు. శాలువా మేడమ్ దాన్నే మడిచి విసురుకుంటోంది. రివ్యూ మీటింగ్ వాయిదా వేయడం ఎందుకని అక్కడే మొదలుపెట్టారు. టీ కొట్టాయన టీలు అందించాడు. ఎజెండాలో మొదటి అంశం: తమ బోర్డుకి అడ్డొస్తున్న ఆ వేపచెట్టుని కొట్టించడం. చెట్టు నీడలో, చల్లగాలికి, ఏకగ్రీవంగా తీర్మానించారు.

వెనక్కెళ్లి మండువా లోగిళ్లు కట్టమని నేననడం లేదు. రెండు సెంట్ల స్థలంలో మండువా ఎక్కడ పెడతాం? ఆ లోగిళ్లలో ఎవరిని ఏ గడప దగ్గర ఆపేసేవారో కూడా మర్చిపోలేదు. కానీ ఆ మేస్త్రీకి ఎండంటే తెలుసు. మధ్యలో ఆకాశం కనపడేలా వదిలితే వేడిగాలి పైకి పోతుందనీ, చుట్టూ వసారా ఉంటే గోడకి ఎండ తగలదనీ తెలుసు. శ్రీకాకుళం తీరాన చుట్టిల్లు కట్టినవాడికి తుపాను గాలి సంగతి తెలుసు. గుండ్రంగా కడితే గాలి పక్కనుంచి జారిపోతుంది. సిమెంటు వచ్చాక ఈ తెలివి పనికిరాకుండా పోయిందా అంటే అదీ లేదు. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1960ల్లోనే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసుకి ఎండ నేరుగా తగలకుండా పైన పందిరి వేశాడు. అదీ కాంక్రీటే, అదీ ఆఫీసే.

పోనీ, ఎవడి డబ్బు వాడిష్టం, కరెంటు బిల్లు వాడే కట్టుకుంటాడు అనుకుందామా? అనుకోలేం. ఏసీ వేడిని మాయం చేయదు, తీసుకెళ్లి బయట పారేస్తుంది. ఎవరి మీద? గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో టై కట్టుకుని పన్నెండు గంటలు కూర్చునే పెద్దాయన మీద. వెనక వరసగా ఔట్‌డోర్ యూనిట్లు, మొహాన అద్దాల తళుకు. ఇదే స్థలంలో ఉన్న పెంకుటింటికి అరుగుండేది. మామిడిపళ్ల గంప దించుకుని ఏ ముసలమ్మయినా కాసేపు చూరు కింద కూర్చునేది. ఈ మేడకి అరుగు లేదు, చూరు లేదు, మూరెడు సన్‌షేడ్ లేదు. ప్లాన్ పాస్ చేసినవాళ్లు సెట్‌బ్యాక్ చూశారు, పార్కింగ్ చూశారు. రోడ్డు మీద మనిషికి జానెడు నీడ మిగిలిందా అని ఒక్కరూ చూడలేదు. ఏటా వడదెబ్బ చావులు పేపర్లో లోపలి పేజీలో వేస్తారు. ఆ పేర్లలో ఏసీ కింద కూర్చున్నవాడు ఒక్కడైనా ఉంటాడా? కోట్లు పోసి కట్టారు కదయ్యా, కాపలా కాసే ముసలాయన నెత్తిన ఒక రేకు వేయడానికి చేతులు రాలేదా?

అదే మాట మేనేజరుని అడిగాను. రేకు వేస్తే ఎలివేషన్ చెడిపోతుందన్నాడు.