మూడు వారాల పెన్సిలిన్ సూది మధ్యలోనే ఎందుకు ఆగిపోతోంది?

చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ ఫీవర్ వల్ల పాడైన గుండె వాల్వ్‌ని మార్చే ఆపరేషన్ మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీలో ఉంది, ఏపీలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, పేరు ఏదైనా 2007 నుంచి ఆ స్కీమ్ వల్ల ఎంతోమంది పేదవాళ్లు బతికి బయటపడ్డారు, అందులో రెండో మాట లేదు. కానీ అదే మనిషి ఐదో క్లాసో ఆరో క్లాసో చదువుతున్నప్పుడు, ఆ వాల్వ్ ఇంకా పూర్తిగా పాడవకముందు, మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పకుండా పడేలా చూసే మనిషి ఎవరూ ఉండరు. ఆపరేషన్‌కి లెక్క ఉంది, ప్యాకేజీ ఉంది, అప్రూవల్ ఉంది. సూది మిస్సయితే ఫోన్ చేసి అడిగేవాళ్లు లేరు. నాకు ఇది మందుల సమస్యలా కాదు, మన ప్రాధాన్యాల సమస్యలా కనిపిస్తుంది.

అసలు ఈ రుమాటిక్ జబ్బుకి మూలం ఒక గుండ్రటి బ్యాక్టీరియా. గుండ్రటి బ్యాక్టీరియాని కాకస్ అంటారు, వీటిలో మనుషులకి జబ్బు తెచ్చేవి తక్కువే గానీ ఆ తక్కువే చాలా నష్టం చేస్తాయి. స్టెఫైలోకాకస్ గుత్తులుగా ఉంటుంది, సెగ్గడ్డల నుంచి ఆపరేషన్ కుట్లలో చీము దాకా దాని పనే. న్యూమోకాకస్ జంటలుగా ఉంటుంది, న్యుమోనియా తెస్తుంది. గొలుసుగా ఉండేది స్ట్రెప్టోకాకస్. ఈ గొలుసు రకాల్ని 1933లో న్యూయార్క్‌లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే సైంటిస్టు ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీసింది, ఇప్పటికీ డాక్టర్లు వాడేది ఆమె పద్ధతే. మనం మాట్లాడుకునేది గ్రూప్ ఏ గురించి. గొంతు నొప్పి, పిల్లల మొహం మీద కాళ్ల మీద రసికారే పుళ్లు, ఒళ్లంతా ఎర్రగా కందిపోయే స్కార్లెట్ ఫీవర్, చర్మం కింద వాచే సెల్యులైటిస్ అన్నీ ఇదే తెస్తుంది. ఒకప్పుడు బాలింతల్ని చంపిన జ్వరాల్లో పెద్ద వాటా కూడా దీనిదే, 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ తోటి డాక్టర్ల చేత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించి చావులు తగ్గించింది ఈ జ్వరం విషయంలోనే, అప్పటికి ఈ క్రిమి అనేది ఒకటుందని కూడా ఎవరికీ తెలీదు.

గొంతు నొప్పి నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, చిక్కు అక్కడే. తగ్గిపోయాక రెండు మూడు వారాలకి కొంతమంది పిల్లల్లో, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య వాళ్లలో, మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ వాస్తుంది, తర్వాత మోచెయ్యి, జ్వరం కూడా ఉంటుంది. పల్లెల్లో వాతం అనుకుని పట్టు వేయిస్తారు, అదీ తగ్గుతుంది. ఈలోపు లోపల జరిగేది ఏంటంటే, క్రిమి ఒంటిమీది ప్రొటీన్‌కీ మన గుండె కణజాలానికీ పోలిక ఉండటంతో, క్రిమి మీద యుద్ధానికి తయారైన మన ఇమ్యూనిటీ మన గుండె మీదకే తిరుగుతుంది. ఎడమ వైపు మైట్రల్ వాల్వ్ ముందు దెబ్బతింటుంది. ఇదే రుమాటిక్ ఫీవర్. కొందరు ఆడపిల్లల్లో ఇంకో రకంగా బయటపడుతుంది, చేతులు వాటంతటవే కదులుతుంటాయి, గ్లాసు జారిపోతుంది, రాత పాడవుతుంది, బడిలో టీచర్ తిడతారు, ఇంట్లో గాలి సోకిందంటారు. అది కొరియా అనే లక్షణం, రుమాటిక్ ఫీవర్‌లో భాగం, దీనిమీద ప్రతి స్కూల్ టీచర్‌కీ ఒక్క గంట ట్రైనింగ్ ఇచ్చినా ఎన్నో కేసులు ముందే దొరుకుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్లీ మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా వాల్వ్ ఇంకొంచెం మందమవుతుంది, అతుక్కుంటుంది. ఏళ్ల తరబడి ఏమీ తెలీదు. ఆ ఆడపిల్లకి పెళ్లవుతుంది, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరిగి గుండె మీద భారం పడగానే, ఐదారో నెలలో ఆయాసం మొదలై పడుకోలేని స్థితిలో అంబులెన్స్ ఎక్కుతుంది, అప్పుడు గానీ ఎకో, అంటే గుండె స్కాన్, తీయరు. ఈ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువ. వాళ్లకి మెటల్ వాల్వ్ వేస్తే జీవితాంతం రక్తం పల్చబడే మాత్రలు, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్‌ఆర్ టెస్టులు, ఆ మాత్రలతో గర్భం అంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఇంకో విషయం, వాల్వ్ మార్చాక ఇక సూది అక్కర్లేదని చాలామంది ఆపేస్తారు, తప్పు. మిగతా వాల్వ్‌లు అలాగే ఉన్నాయి కదా, ఆపరేషన్ అయినవాళ్లకే ఇంకా ఎక్కువ ఏళ్లు వేయించుకోమని చెప్తారు.

ఇప్పుడు పెన్సిలిన్ సంగతి. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ అనే సైంటిస్టు కంటపడిన బూజు నుంచి వచ్చిన ఈ మందుని 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసాయనకి మొదటిసారి వాడారు, కోలుకుంటుండగా మందు అయిపోయి చనిపోయాడు. అప్పటి నుంచి క్రిములు మందులకి లొంగకుండా పోవడం చూస్తూనే ఉన్నాం. స్టెఫైలోకాకస్ 1940ల్లోనే పెన్సిలిన్‌కి ఎదురు తిరిగింది, దానికోసం 1959లో మెథిసిలిన్ తెస్తే రెండేళ్లలో 1961కల్లా దానికీ లొంగని రకం ఇంగ్లండ్‌లో దొరికింది, అదే ఇవాళ ఐసీయూల్లో భయపెట్టే ఎంఆర్‌ఎస్‌ఏ. గనేరియా తెచ్చే గోనోకాకస్ ఒక్కో మందునీ దాటుకుంటూ వచ్చింది. కానీ గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ మాత్రం ఎనభై ఏళ్లుగా వాడుతున్నా ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది. ఇలాంటి అదృష్టం వైద్యంలో చాలా అరుదు. పాత మందు, చవక మందు, పనిచేసే మందు. 1950 ప్రాంతంలో అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని ఒక సైనిక స్థావరంలో, గొంతు నొప్పి వచ్చిన సైనికులకి పెన్సిలిన్ ఇచ్చి రుమాటిక్ ఫీవర్ రాకుండా ఆపొచ్చని నిరూపించారు కూడా. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు ఇచ్చినా పనిచేస్తుంది, అంటే టైం కూడా ఉంది.

మనం చేస్తున్నదేంటి? పిల్లాడికి గొంతు నొప్పి అనగానే మెడికల్ షాపులో మూడు అజిత్రోమైసిన్ మాత్రలు చేతిలో పెడతారు. మన దేశంలో విపరీతంగా అమ్ముడుపోయే యాంటీబయాటిక్స్‌లో అజిత్రో 500 ఒకటి. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోయి ఉంటే అది దాదాపు వైరస్సే, దానికి ఏ యాంటీబయాటిక్కూ అక్కర్లేదు. దగ్గు లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు, దవడ కింద బిళ్లలు కట్టడం ఉంటే అప్పుడు స్ట్రెప్ అని అనుమానించాలి, డాక్టర్‌కి చూపించి పదిరోజుల పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ పూర్తిగా వాడాలి, లేదా వారాల తరబడి ఒంట్లో పనిచేసే బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కటి. అక్కర్లేని పదిమందికి మందు పడుతోంది, కావాల్సిన ఒక్కడికి రెండోరోజు జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేస్తున్నారు. ఆ మాత్రల స్ట్రిప్ మీది ఎర్ర గీతకి అర్థం డాక్టర్ రాయకుండా వాడొద్దని, 2016లో కేంద్రం ప్రచారం చేసింది, ఎంతమంది చూశారో మరి.

ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చాక కథ మారుతుంది. ఇక అది మళ్లీ రాకుండా బెంజథీన్ పెన్సిలిన్ మూడు వారాలకోసారి వేయించుకోవాలి, పెద్దవాళ్లకి 12 లక్షల యూనిట్లు, చిన్నపిల్లలకి 6 లక్షలు. గుండె దెబ్బతినకపోతే కనీసం ఐదేళ్లు, వాల్వ్ దెబ్బతింటే పదేళ్లు, కొందరికి 40 ఏళ్లు వచ్చేదాకా. సూది మామూలు సూది కాదు, పొడిని నీళ్లలో కలిపితే చిక్కగా తయారవుతుంది, నెమ్మదిగా చేస్తే సూది బ్లాక్ అవుతుంది, వేయించుకున్నాక రెండ్రోజులు పిర్ర నొప్పి. ఆ పిల్లకి చూస్తే ఏ బాధా లేదు, ఆడుకుంటోంది, స్కూల్‌కి వెళ్తోంది, మరి బాగున్న పిల్లకి నొప్పి సూది ఎందుకని తల్లికి అనిపించడం సహజం, ఆమెని తప్పుపట్టలేం. పైగా వలస. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కుటుంబం పనులకి వేరే ఊరెళ్తే ఆ ఊళ్లో సూది ఎవరు వేస్తారు?

వేసేవాళ్లకి ఇంకో భయం. పెన్సిలిన్ అంటే రియాక్షన్, రియాక్షన్ అంటే చావు, చావంటే ఆస్పత్రి మీద దాడి. అందుకే చాలా చిన్న క్లినిక్‌లు మేం వెయ్యం పెద్దాస్పత్రికి వెళ్లమంటాయి. వాళ్ల భయం ఉత్తిది అనను. కానీ లెక్క కూడా చూడాలి. 1991లో వచ్చిన ఒక అంతర్జాతీయ స్టడీలో 1,790 మందికి 32,430 సూదులు వేస్తే అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకొచ్చే అలర్జీ, వచ్చింది నలుగురికి, చనిపోయింది ఒకరు. వాల్వ్ బాగా పాడైపోయి గుండె నీరసించిన వాళ్లలో సూది తర్వాత జరిగే కొన్ని మరణాలు అలర్జీ వల్ల కాదని, గుండె తట్టుకోలేకే అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పి, అలాంటివాళ్లకి మాత్రలే ఇవ్వమంది. అంటే ఎవరికి సూది, ఎవరికి మాత్ర అనేది కార్డియాలజిస్ట్ తేల్చాలి, పీహెచ్‌సీలో రియాక్షన్ వస్తే వెంటనే వేసే అడ్రినలిన్ అందుబాటులో ఉంచుకుని ధైర్యంగా వెయ్యాలి. కొత్త కంపెనీ మందేమీ కాదు కాబట్టి దీని గురించి డాక్టర్లకి చెప్పడానికి ఏ మెడికల్ రెప్పూ రాడు, చెప్పాల్సింది ప్రభుత్వమే.

సప్లై కూడా ఈ మధ్యదాకా పెద్ద గండమే. చైనా నుంచి చవగ్గా దిగుమతి అవుతుంటే మనదేశంలో ఈ సూదికి ముడిసరుకైన పెన్సిలిన్ జి తయారీ దాదాపు ఆగిపోయింది, దశాబ్దాల తర్వాత కేంద్రం తయారీని బట్టి ఇచ్చే పీఎల్ఐ ప్రోత్సాహంతో మళ్లీ మన కాకినాడలోనే ఆ ప్లాంట్ మొదలైంది. ఆ ముడిసరుకులో ఎక్కువ భాగం అమాక్సిసిలిన్ లాంటి వేరే మందులకి పోతుంది, లాభం అక్కడుంది. అందుకే బెంజథీన్ సూదికి ప్రభుత్వాలు ముందుగానే ఆర్డర్ ఖాయం చేసి ఏడాది పొడవునా కొనాలి.

ఈ జబ్బు ఎలాగూ తగ్గిపోతోంది కదా అని కొందరంటారు. కొంత నిజం. యూరప్‌లో పెన్సిలిన్ రాకముందే ఇరుకు ఇళ్లు తగ్గడంతో తగ్గడం మొదలైంది, మన నగరాల్లోనూ తగ్గింది. కానీ ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లు, యాభైమంది పిల్లలు పక్కపక్కనే పడుకునే హాస్టళ్లు మనకి ఇంకా ఉన్నాయి, ఇళ్లు పెద్దవయ్యేదాకా ఆగమని ఆ పిల్లలకి చెప్పలేం. క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతంలో 1986 నుంచి పదేళ్లు రిజిస్టర్ పెట్టి, జనానికి చెప్పి, సూదులు సరిగ్గా వేసి జబ్బుని గణనీయంగా తగ్గించారు, వాళ్లదేమీ ధనిక దేశం కాదు. 2021లో ఉగాండాలో లక్షణాలు ఇంకా లేని, ఎకోలో మాత్రమే కనపడిన పిల్లలకి రెండేళ్లు నెలకో సూది వేస్తే జబ్బు ముదిరింది 0.8 శాతం మందిలో, వెయ్యని వాళ్లలో 8.2 శాతం. పదింతల తేడా. 2018లో ప్రపంచ ఆరోగ్య అసెంబ్లీ దీనిమీద తీర్మానం కూడా చేసింది.

మనకి 2013 నుంచి పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) ఉంది, బళ్లకీ అంగన్‌వాడీలకీ వచ్చి పిల్లల్ని చూసే టీమ్‌లు ఉన్నాయి, వాళ్లు వెతకాల్సిన జబ్బుల లిస్టులో రుమాటిక్ హార్ట్ కూడా ఉంది. ఆశా వర్కర్ ఉంది, ఏఎన్‌ఎం ఉంది. పసిపిల్లలకి న్యూమోకాకల్ టీకా ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలకి ఇదే వ్యవస్థ గుర్తుపెట్టుకుని వేస్తోంది, మరి మూడు వారాల సూదిని గుర్తుపెట్టుకోవడం దీనికి చేతకాని పనా? జిల్లాకో రిజిస్టర్, ప్రతి పేషెంట్‌కీ ఏ ఊరు పీహెచ్‌సీలోనైనా చెల్లే ఒక కార్డు, తేదీ దాటితే ఏఎన్‌ఎం ఫోన్‌కి మెసేజ్, గురుకులాల్లో వార్డెన్ దగ్గర ఆ పిల్లల పేర్లు. వాల్వ్ ఆపరేషన్లు చేసే ఆస్పత్రులు ఏడాదికి ఎన్ని చేశామో చెప్తుంటాయి, దాని పక్కనే ప్రతి జిల్లా వైద్యాధికారి తన జిల్లాలో ఎంతమందికి గుర్తుపెట్టుకుని సూది వేయించారో, ఎంతమందికి తప్పిందో ప్రతి మూడు నెలలకీ బయటపెట్టాలి.