పదో తరగతిలోనే కళ్లజోడు చదువా?

(చెన్నై టీ నగర్‌లో తెలుగు కుటుంబాల పిల్లల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం పెట్టిన వాదోపవాదం ఇది. అంశం: హైస్కూల్లో ఉండగానే ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి జోడు పవరు తేల్చే చదువు, సంగతి తెలుసుకోవాలా? ఇప్పుడే వద్దనే పక్షం ఒక ఫిజిక్స్ మాస్టారిది. కావాలనే పక్షం కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ పాఠాలు కూడా చెప్పే ఆప్టోమెట్రిస్టుది.)

మాస్టారు: ముందే చెప్పేస్తున్నానమ్మా, ఆ చదువంటే నాకు చిన్నచూపేం లేదు. పదిహేనేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టి "ఏమవుతావురా" అని నిలదీయడమే నాకు నచ్చదు. ఇక్కడ ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగూ ఉన్న ఫస్ట్ గ్రూప్ తీసుకుంటే ఏ తలుపూ మూసుకుపోదు. మిగతా సంగతి ప్లస్ టూ అయ్యాక చూసుకోవచ్చు.

ఆప్టోమెట్రిస్టు: అలా ప్లస్ టూ అయ్యాక చూసుకున్నవాళ్లు మా క్లాసుల్లో చాలామందే ఉంటారు, మాస్టారూ. నీట్‌లో సీటు రాలేదు, ఇంకేం ఉన్నాయని వెతికితే ఆప్టోమెట్రీ డిగ్రీ బి.ఆప్టమ్ కనిపించింది, చేరిపోయారు. మొదటి నెలలోనే "ఆపరేషన్లు ఎప్పుడు నేర్పుతారు మేడమ్" అని అడుగుతారు. మేం ఆపరేషన్లు చెయ్యమని అప్పుడు తెలుస్తుంది వాళ్లకి. స్కూల్లో ఉండగా ఒక్క పూట వచ్చి చూసుంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. గ్రూపు విషయంలో మాత్రం మీ మాటే నా మాట. కొన్ని కాలేజీలు బయాలజీ అడుగుతాయి, కొన్ని లెక్కలున్నా సరే అంటాయి. నాలుగూ ఉంటే చిక్కే లేదు. కామర్స్‌లోకి వెళ్లాక మనసు మారితేనే కష్టం.

మాస్టారు: ఆపరేషన్లు చెయ్యరు సరే, మరి ఏం చేస్తారు? కళ్లజోళ్ల షాపులో అద్దాలు మార్చేవాళ్లని అనుకునేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

ఆప్టోమెట్రిస్టు: కళ్ల డాక్టరు జబ్బుకి మందు రాస్తారు, ఆపరేషన్ చేస్తారు. షాపులో ఆప్టీషియను అద్దం కోసి ఫ్రేములో బిగిస్తారు. అక్షరం ఎంతవరకు ఆనుతోంది, ఎందుకు ఆనట్లేదు, జోడుతో సరిపోతుందా, డాక్టరు దగ్గరికి పంపాలా అన్నది తేల్చేది మేం. కాంటాక్ట్ లెన్సులు, చూపు బాగా తగ్గినవాళ్లకి ప్రత్యేకమైన భూతద్దాలు కూడా మా పనే. ఇది డిగ్రీ చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. శంకర నేత్రాలయ వాళ్ల ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఈ ఊళ్లోనే 1985లో మొదలైంది.

మాస్టారు: 1985లో కాలేజీ వస్తే, డాక్టర్లకి తోడుగా పనిచేసే ఇలాంటి అలైడ్ హెల్త్‌కేర్ వృత్తులకి చట్టం వచ్చింది 2021లో! ఈలోగా మెషిను కొన్న ప్రతివాడూ "కంప్యూటర్ కంటి పరీక్ష" అని బోర్డు కట్టాడు. గడ్డం ఆనించి కూర్చుంటే నిమిషంలో చీటీ చేతికొస్తుంది. రేపు ఈ పనంతా మెషినే చేసేస్తే ఆ పిల్లాడి గతేంటి?

ఆప్టోమెట్రిస్టు: ఆ చీటీ చూసి నేరుగా జోడు చేయిస్తే ఏమవుతుందో చెబుతాను. పదేళ్ల పిల్ల మెషిన్‌లోకి చూస్తుంది. బొమ్మ దూరంగా ఉన్నట్టు అమర్చినా, పెట్టె దగ్గరే ఉందని కంట్లో ఫోకస్ చేసే కండరం బిగుసుకుంటుంది. చీటీలో మైనస్ ఒకటిన్నర వస్తుంది. చుక్కలు వేసి, ఆ కండరం వదులయ్యాక మళ్లీ చూస్తే మైనస్ అరే ఉండొచ్చు, ఒక్కోసారి ప్లస్సే తేలుతుంది. తమాషా ఏంటంటే, మైనస్ ఎక్కువ పెట్టినా ఆ వయసు కన్ను కష్టపడి సర్దుకుని చివరి లైను దాకా చదివేస్తుంది. "బాగుందా" అంటే "బాగుంది" అంటుంది. తలనొప్పి తర్వాత వస్తుంది.

సిలిండరు, అంటే ఒక దిశలోనే పనిచేసే పవరు, సంగతి ఇంకా సున్నితం. దాన్ని నిలపాల్సిన కోణం, యాక్సిస్, 5 డిగ్రీలు తప్పితే సిలిండరులో ఆరో వంతు దిద్దుబాటు కాకుండా మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తప్పితే సిలిండరు పెట్టీ ఉపయోగం లేదు, మొదట ఎంత లోపం ఉందో అంతా అలాగే ఉంటుంది. ఇక ఫిట్టింగు. మైనస్ 6 ఉన్నవాళ్లకి అద్దం కేంద్రం 3 మిల్లీమీటర్లు జరిగితే, 0.3 సెంటీమీటర్లని 6తో గుణించండి, 1.8 ప్రిజం వస్తుంది, అంటే వెలుగు అంత పక్కకి వంగుతుంది. రెండు అద్దాలూ లోపలికి జరిగాయా, 3.6. పవరు సరిగ్గానే ఉంటుంది, కళ్లు లాగుతుంటాయి. ఇవన్నీ పట్టుకోవడానికి మనిషి కావాలి.

మాస్టారు: బాగానే ఉంది, కానీ ఇది కాలేజీ పాఠం. పదో తరగతివాడు దీంట్లో దేన్ని పట్టుకుంటాడు?

ఆప్టోమెట్రిస్టు: తాతగారి చత్వారం జోడుని! బైఫోకల్ కాకుండా ఒకే పవరు ఉన్నది తీసుకోవాలి. పగటిపూట గదిలో లైట్లు ఆపి, కిటికీకి ఎదురుగోడ దగ్గర జోడు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపాలి. బయటి కొబ్బరిచెట్టు తలకిందులుగా గోడ మీద తేలుతుంది. బొమ్మ స్పష్టమైన చోట అద్దం నుంచి గోడ దాకా స్కేలు పెట్టాలి. 50 సెంటీమీటర్లొస్తే 100ని 50తో భాగించండి, ప్లస్ 2. 40 వస్తే రెండున్నర. అద్దాల చీటీతో సరిపోల్చుకుంటే మార్కు వాడే వేసుకుంటాడు.

మాస్టారు: చెట్టు బదులు గదిలో ట్యూబ్‌లైటు పెట్టుకుంటే తప్పొస్తుంది సుమా! రెండు మీటర్ల దూరంలో ట్యూబ్‌లైటు ఉంటే, ప్లస్ 2 అద్దం బొమ్మని 67 సెంటీమీటర్ల దగ్గర వేస్తుంది. పిల్లాడు ఒకటిన్నర పవరని రాసేస్తాడు.

ఆప్టోమెట్రిస్టు: భలే పట్టుకున్నారు! ఆ 67 మాకు రోజూ అన్నం పెట్టే అంకె. రెటినోస్కోపు వెలుగు కంట్లో వేసి, పాపలో నీడ ఎటు కదులుతోందో చూస్తూ, ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తాం. చేయి చాచి 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటాం గనుక, వచ్చిన లెక్కలోంచి 1.50 తీసేస్తాం. స్టూడెంటు తెలియకుండా ముందుకు వంగి 50 సెంటీమీటర్లకి జరిగితే తీయాల్సింది 2. అలవాటు కొద్దీ ఒకటిన్నరే తీస్తే ప్లస్ అర ఎక్కువైపోతుంది. ఎంత చెప్పినా వంగుతూనే ఉంటారు.

మాస్టారు: ఇది మా పాఠమే కదమ్మా. దీంతో సరిపెట్టండి. క్లినిక్కు దాకా ఎందుకు?

ఆప్టోమెట్రిస్టు: విసుగు చూడటానికి. "ఇది బాగుందా, అది బాగుందా" అని ముప్ఫయ్యో మనిషిని కూడా మొదటి మనిషిని అడిగినట్టే అడగాలి. "రెండూ ఒకేలా ఉన్నాయి" అనే పెద్దాయన్ని తొందరపెట్టకూడదు. అందుకే పనిదినం పొద్దున రమ్మంటాను. ముందుగా అనుమతి తీసుకోవాలి, పేషెంటు ఒప్పుకుంటేనే గదిలో ఉండాలి, ఫోను సంచిలోనే ఉండాలి. నాలుగు గంటలు నిలబడ్డాక ఇంకా ఆసక్తి ఉందా? ఉంటే ఆలోచించుకోవచ్చు. లేదా? ఆ చదువేళ్లన్నీ మిగిలినట్టే.

మాస్టారు: చూసి రమ్మనండి, ఇదే అవుతానని మాత్రం అప్పుడే అనిపించకండి. అంతకుమించి దిగను. ఇంతకీ మైనస్ జోడుకి గోడ మీద బొమ్మ పడదుగా, అప్పుడేం చేస్తాడు?

ఆప్టోమెట్రిస్టు: మీ జోడు ఇలా ఇవ్వండి. ఆ గుమ్మం అంచుని అద్దంలోంచి చూస్తూ జోడు పక్కకి జరుపుతున్నాను. గీత జోడుతోపాటే వస్తోంది, కనక మైనస్. ఎదురు నడిస్తే ప్లస్. ఇప్పుడు అలాగే తిప్పుతున్నాను... చూడండి, గుమ్మం గీత విరిగి, కత్తెరలా వాలుతోంది. కుడి అద్దంలో సిలిండరు ఉంది.

మాస్టారు: ఎంతుంది?

ఆప్టోమెట్రిస్టు: అది చెప్పాలంటే పవరు తెలిసిన అద్దాలుండే ట్రయల్ లెన్సుల పెట్టె కావాలి మాస్టారూ.